మీ కొండ మెట్లు లెక్కపెట్టానురా

విజయవాడ,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ చంటీ,

నీ ఉత్తరం దసరాకి ముందే అందింది. ఇన్నాళ్లు జవాబు రాయనందుకు క్షమించెయ్. ఫోన్లో చెబుదామంటే నీకు రాత్రి షిఫ్టులు, నాకు పగలు క్లాసులు. పైగా ఇది ఫోన్లో చెప్పేస్తే సరిపోయే సంగతి కాదు. పెద్దబావ ఇవాళ రాత్రి బండికి పూణె వస్తున్నాడు, మాగాయ సీసాతో పాటు ఈ కవరు కూడా నీ చేతికిస్తాడు. ఆయన బయల్దేరేలోపు రాసెయ్యాలి.

ముందు ఇంటి వార్తలు. అమ్మకి షుగరు అదుపులోనే ఉంది. చెల్లికి గుంటూరు సంబంధం ఒకటి వచ్చింది, ఇంకా ఏమీ తేలలేదు. సెమిస్టర్ పరీక్షలు నెత్తిమీదున్నాయి.  

అసలు సంగతికి వస్తున్నా. మీ కొండకి వెళ్లానురా! చిట్టినగర్ కొండ, మీ పాత ఇల్లు, గోలీసోడా మామ్మ వాళ్ల అరుగు, అన్నీ చూసొచ్చా.

ఎందుకు వెళ్లానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఐక్యరాజ్య సమితిలో నగరాల కోసం ఓ సంస్థ ఉంది, యూఎన్ హ్యాబిటాట్. 1978లో మొదలైంది, ప్రధాన కార్యాలయం కెన్యాలోని నైరోబీలో. అక్కడ నగరాల డేటా, గణాంకాల పనికి విద్యార్థుల్ని ఇంటర్న్‌లుగా తీసుకుంటారు. డిగ్రీ చివరి ఏడాదివాళ్లు, పీజీ చదివేవాళ్లు, చదువైపోయి ఏడాది దాటనివాళ్లు పెట్టుకోవచ్చు. రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా పని. జీతం ఉండదు. టికెట్టు, వీసా, ఇల్లు, తిండి మనమే చూసుకోవాలి. ఈ మాట చెప్పగానే నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. దాని గురించి తర్వాత రాస్తా.

2015లో దేశాలన్నీ కలిసి 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి కదా, 2030కల్లా సాధించాలని. అందులో పదకొండోది నగరాలది. మురికివాడల్లో ఎంతమంది ఉంటున్నారు, ఊళ్లో జనం పెరిగే వేగం కన్నా ఊరు పరుచుకునే వేగం ఎక్కువుందా, అందరూ వాడుకునే ఖాళీ స్థలం ఎంతుంది, ఇలాంటివన్నీ ప్రపంచమంతటా ఒకే పద్ధతిలో కొలిచే బాధ్యత ఈ సంస్థది. వాటిలో నాకు బాగా నచ్చింది 11.2.1 అనే సూచిక, అంటే కొలత. ఇంటి నుంచి నడిచి వెళ్తే 500 మీటర్లలోపు బస్ స్టాపు, లేదా కిలోమీటరులోపు రైల్వే స్టేషను ఉన్నవాళ్లు ఊరి జనంలో ఎంతమంది? అంతే ప్రశ్న. ఎంత సూటిగా ఉందో చూడు.

దరఖాస్తుతో పాటు నా చేత్తో చేసిన పని ఒకటి ఉంటే బాగుంటుందనిపించి, బెజవాడకి ఈ లెక్క వేద్దామని కూర్చున్నా. రోడ్లు, బస్ స్టాపులు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి తీసుకున్నా, ఇంటర్నెట్లో జనమే కలిసి గీసే పటం అది. జనం లెక్క దగ్గర చిక్కు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2027ది వచ్చేదాకా 2011 అంకెలే దిక్కు. అందుకని ఉపగ్రహ చిత్రాల్లో కనబడే ఇళ్లను బట్టి జనాన్ని 100 మీటర్ల గళ్లలో సర్దిన పటాలుంటాయి, వాటిని వాడతారు. అవే వాడాను. ఊరంతా రంగులేసి చూస్తే, బస్సు అందేచోటల్లా పచ్చగా వచ్చింది. మీ పాత ఇల్లు పచ్చపచ్చగా ఉంది. గేటు దగ్గర్నుంచి చిట్టినగర్ స్టాపుకి 430 మీటర్లు.

అది చూడగానే నువ్వే గుర్తొచ్చావు. నిమ్మకాయల సంచీ పట్టుకుని మీ అమ్మ పైకి రావడం, మూడో మలుపులో ఆగడం, మనిద్దరం పరిగెత్తుకెళ్లి సంచీ అందుకోవడం. 430 మీటర్లేనా అది? నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే టేపూ నోటుబుక్కూ తీసుకుని పోయా.

మెట్లు లెక్కపెట్టానురా. కింద కిళ్లీకొట్టు దగ్గర మొదటి మెట్టు నుంచి మీ గేటు దాకా 213. మెట్లెన్నో అని మనం వేసుకున్న పందెం నువ్వే గెలిచావు! పదేళ్ల నాటి బాకీ, వచ్చినప్పుడు వసూలు చేసుకో, అదే కొట్లో, అదే గ్లాసులో.

ఇక్కడి నుంచి శ్రద్ధగా చదువు. కొన్ని మెట్లు ఆరంగుళాలే, కొన్ని తొమ్మిది. సగటున ఏడనుకో. అంటే ఎత్తు 124 అడుగులు, దాదాపు 38 మీటర్లు. లిఫ్టు లేని పన్నెండంతస్తుల మేడ! మరి పటానికి ఇది ఎలా కనపడుతుంది? పటం పైనుంచి చూస్తుంది. మెట్టు వెడల్పు ఒక అడుగు, అంటే మొత్తం 213 అడుగులు, 65 మీటర్లు. ఆ పన్నెండంతస్తులూ పటంలో 65 మీటర్ల గీత. 430లో ఓ ముక్క. గళ్ల సంగతైతే ఇంకా ఘోరం. వంద మీటర్ల గడిలో కింద రోడ్డు మీద ఇల్లూ పైన మీ ఇల్లూ ఒకేచోట పడిపోయాయి.

ఎత్తుని నడకలోకి మార్చడానికి పర్వతారోహకులు వాడే పాత లెక్క ఒకటుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పింది. 600 మీటర్లు పైకెక్కడానికి మామూలు నడకకి అదనంగా ఓ గంట. దాని ప్రకారం 38 మీటర్లకి దాదాపు నాలుగు నిమిషాలు. గంటకి ఐదు కిలోమీటర్ల నడకైతే అది 300 మీటర్ల పైమాటే. 430 కాస్తా 740 పైనే అయ్యిందిరా! ఇదీ దిట్టంగా ఉన్న మనిషికి. మెట్ల మీదే కూర్చుని ఫోన్లో ఈ లెక్క వేసుకుంటుంటే చేతులు వణికాయి, నిజంగా.

అప్పుడు వెనకనించి, "ఎవరబ్బాయివి నాయనా, నోటుబుక్కు పట్టుకున్నావ్, ఇళ్లు తీసేస్తారా?" అని గొంతు. గోలీసోడా మామ్మ! బాగా వంగిపోయింది, గొంతు మాత్రం అదే. ఇళ్ల జోలికి ఎవరూ రావట్లేదని ముందు ధైర్యం చెప్పా. కొండ మీదకి పుస్తకం పట్టుకుని ఎవరొచ్చినా వాళ్లకి మొదట వచ్చే భయం అదే. నీ పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "కింద వాటా పిల్లాడి స్నేహితుడివా! గాలిపటం కోసం మా రేకు విరగ్గొట్టారు" అంది. ఇప్పటికీ నిన్నే అంటోంది. నేనేం దిద్దలేదు.

బస్ స్టాపు దూరం కొలుస్తున్నానన్నా. మామ్మ అరుగు మీద కూలబడి, "దిగడానికి దగ్గరే. ఎక్కడానికే దూరం" అంది. తర్వాత చెప్పిన మాటకి మనసంతా అదోలా అయిపోయింది. "ఆడోళ్లకి బస్సు ఊరికే అంటున్నారుగా, అందరూ తెనాలీ గుంటూరూ తిరిగొస్తన్నారు. నేను ఒక్కసారీ ఎక్కలా." 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది కదా, స్త్రీ శక్తి పథకం. బస్సు ఉంది, టికెట్టు ఖర్చు లేదు, స్టాపు 430 మీటర్లు. కంటి ఆసుపత్రికి వెళ్లాలంటే మనవడు సెలవు పెట్టాలి, రెక్క పట్టుకుని దింపాలి, మళ్లీ ఎక్కించాలి. అందుకని ఆ ఆసుపత్రికే వెళ్లడం మానేసింది. గ్యాసు బండ మోసేవాడికి పై డబ్బులు వేరే ఇవ్వాలట. ఆటో కిందే ఆగిపోతుంది. ఇవన్నీ చిన్నప్పుడు మన కళ్లముందే జరిగాయి కదరా, చూస్తూ పెరిగాం. 

నా పటంలో మామ్మ పచ్చగడిలో ఉంది. బస్సు అందినవాళ్లలో ఒకరు.

ఆ 11.2.1 సూచిక పూర్తి పేరు ఏంటో తెలుసా? సౌకర్యంగా ప్రజా రవాణా అందుతున్న జనం శాతం, స్త్రీ పురుషులుగా, వయసుల వారీగా, వికలాంగుల వారీగా. అంటే రాసినవాళ్లు మామ్మని తలుచుకునే రాశారు. ఆ విడి లెక్కలు వెయ్యడానికి కొండ మీదున్న సంగతి ఎవరో ఒకరు ఎక్కి రాసుకురావాలి. నాకు ఈ పని చెయ్యాలని ఉందిరా. నైరోబీ పేరు మీద మోజుతో అనట్లేదు. ప్రపంచంలో కొండల మీద బతికే ఊళ్లు ఎన్నో ఉంటాయి, అన్నిచోట్లా ఓ మామ్మ ఉంటుంది. మెట్లని మెట్లుగా లెక్కపెట్టే పద్ధతి ఒకటి రాసి వాళ్ల ముందు పెడితే...

సరే, నాన్న సంగతి. "జీతం లేని ఉద్యోగానికి సముద్రం దాటాలా?" అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. చెల్లి పెళ్లి ముందుంది. కొన్ని ప్రకటనల్లో ఇంటి నుంచే పని చెయ్యొచ్చని ఉంటోంది, అలాంటిదాని కోసం చూస్తున్నా. అయినా జీతం లేని ఇంటర్న్‌షిప్ ఎక్కడైనా సరే, ఆరు నెలలు ఖర్చు పెట్టుకోగలిగిన ఇంటి పిల్లలకే అందుతుంది. మెట్లెక్కి పెరిగినవాడు ఆ బల్ల దాకా ఎలా వెళ్తాడు? నువ్వు పెట్టుకుని ఉంటే నాకన్నా బాగా చెప్పేవాడివి, పదిహేనేళ్లు ఎక్కావుగా.

ఇంకోటి. రాయకూడదనే అనుకున్నా. మీ నాన్నగారి మోకాళ్ల కోసమే కదా కొండ దిగి సింగ్‌నగర్ వెళ్లారు. అక్కడ నేల చదును, స్టాపు వీధి చివరే, పటంలో అదీ పచ్చే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు మీవాళ్లు మేడ మీద కూర్చుని పాల ప్యాకెట్ల కోసం చెయ్యి ఊపుతుంటే, కొండ మీద మీ పాత ఇంటికి చుక్క నీరు తగల్లేదు. మెట్లైనా ఎక్కాలి, నీళ్లలోనైనా ఉండాలి, చవగ్గా దొరికే చోట్లు ఇవే ఎందుకవుతాయో... ఇది ఏ సూచికలో పెట్టాలో నాకింకా తోచట్లేదు. నువ్వు వచ్చాక మాట్లాడదాం.

మెట్లన్నీ ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో గీయడం మొదలెట్టా. అందులో మెట్లకి వేరే గుర్తు ఉంటుంది, ఎవరైనా గీయొచ్చు, ఎన్ని మెట్లో కూడా రాయొచ్చు. మీ వైపుది పూర్తయింది. కానీ మనం పాల ఫ్యాక్టరీ వైపు దిగే మేకల దారి ఎక్కడ మొదలవుతుందో దొరకలేదు. వేపచెట్టు కొట్టేశారు, దాని పక్కన రెండు కొత్త ఇళ్లు లేచాయి. మామ్మని అడిగితే "ఆ దారి మీ ఇద్దరికే తెలుసు" అంది. నీటి ట్యాంకుకి ఎడమ పక్కా, కుడి పక్కా? గేటున్న ఇంటి వెనకనుంచా? కాగితం మీద గీసి ఫోటో తీసి పంపు, ఈ వారంలోనే, దరఖాస్తు గడువు దగ్గరపడింది. మీ అమ్మగారిని కూడా అడుగు, సంచీతో ఎన్ని చోట్ల ఆగేదో, ఒక్కో చోట ఎంతసేపో. అది కావాలి నాకు, ఎందుకంటే ఆగిన చోట్లని బట్టి

బావ చెప్పులేసుకుంటున్నాడు, ఆటో వచ్చేసింది. మాగాయ సీసా నిటారుగానే ఉంచు. ట్యాంకుకి ఏ పక్కో మర్చిపోకు.

నీ
బుజ్జి