బావా, ఆ గిటార్ పుట్టిన ఏడు దొరికింది

నోవై, మిషిగన్
2025 మార్చి 9, ఆదివారం

ఒరేయ్ బావా,

ఉభయకుశలోపరి. మొన్న ఫోన్‌లో "ఆ పక్కింటావిడ గిటార్ సంగతేమైందిరా" అని నువ్వడిగితే తర్వాత చెప్తానని పెట్టేశాను. అది ఫోన్‌లో తెమిలే ముచ్చట కాదు. ఇవాళ పిల్లలు ఇంట్లో లేరు, చేతిలో పనేమీ లేదు. మొదట్నుంచీ తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ టీ పెట్టుకుని కూర్చుని చదువు.

పక్కింటాయన అక్టోబర్‌లో కాలం చేశాడని చెప్పాను కదా. పాంటియాక్‌లో కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. శనివారం రాత్రుళ్లు డెట్రాయిట్ బార్లలో జాజ్ వాయించేవాడట. ఆవిడకి ఎనభై దాటాయి. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోదామని సామాన్లు సర్దుకుంటోంది. పెట్టెలు దించడానికి సాయం వెళ్తే బేస్‌మెంట్‌లో ఓ గోధుమరంగు కేసు చూపించింది. మూత తీస్తే లోపల గులాబీరంగు మెత్తటి గుడ్డ, అందులో గిటార్. పెద్ద పొట్ట, వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు, మెడ కింద ఒక పక్క సూదిగా కొమ్ములా తిరిగిన కోత. తల మీద ముత్యపుచిప్ప అక్షరాల్లో గిబ్సన్ అని.

నీకెలా ఉండి ఉంటుందో అని అప్పుడే అనుకున్నానురా. మన ఆర్కెస్ట్రాలో నువ్వు వాయించింది కలకత్తాలో చేసిన గివ్‌సన్ కదా. ఆ ఒక్క అక్షరం తేడా వేలితో తడిమి, "అసలుది ఎప్పుడైనా చేత్తో పట్టుకుంటానంటావా" అనేవాడివి. అసలుది నా ఒళ్లో ఉంది, నువ్వేమో పక్కన లేవు.

ఆవిడ అప్పటికే దాన్ని ఒక దుకాణానికి పట్టుకెళ్లిందట. అక్కడతను ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల లేబుల్ లేదు, ఏ సంవత్సరందో చెప్పలేం, 900 డాలర్లిస్తాను" అన్నాడట. ఇచ్చేయమంటావా అని నన్నడిగింది. నాకు ఎక్కడో మనసొప్పలేదు. భర్త యాభై ఏళ్లు గుండెకి ఆనించుకుని వాయించిన వస్తువు గురించి ఆవిడకి ఐదు నిమిషాల జవాబు సరిపోతుందా? రెండు వారాలు ఆగమన్నాను. ఆ రెండు వారాలూ రాత్రి భోజనాలయ్యాక నాకు అదే పని.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది లోపల నిజంగా బోలేనా అని. 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335 లాంటి మోడళ్లు పైకి ఇలాగే ఉంటాయి, కానీ లోపల నడిమధ్య నిలువునా చెక్క దిమ్మ ఉంటుంది. వాటిని సెమీ హాలో అంటారు. ఒక రంధ్రంలోంచి టార్చి వేస్తే రెండో పక్క గోడ దాకా వెలుతురు పారింది. మందం మూడంగుళాల పైనే. పొట్ట వెడల్పు కొలిస్తే పదహారుంపావు అంగుళాలు. తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి మెడ మీది పన్నెండో అడ్డగీత, అదే ఫ్రెట్, దాకా పన్నెండుంపావు దాటి కొంచెం, దాన్ని రెట్టిస్తే తీగ పొడవు ఇరవై నాలుగు ముప్పావు. గిబ్సన్ వాళ్ల కొలత అది. తర్వాత రంధ్రం అంచు భూతద్దంతో చూశాను. పుస్తకం అంచులో కాగితాల్లా పొరలు పొరలుగా కనిపించింది. అంటే పై పలక మేపుల్ పొరలు అతికించి అచ్చులో వంచినది. గిబ్సన్ వాళ్ల ఎల్-5 లాంటి ఖరీదైన వాటిలో అయితే స్ప్రూస్ చెక్కని చెక్కి చేస్తారు, పొరలుండవు. సూది కొమ్ము, ఫ్రెట్‌బోర్డు మీద జంటగా వాలిన ముత్యపుచిప్ప బిళ్లలు, తల మీద కిరీటం గుర్తు, ఈ పొరల పలక, అన్నీ కలిపితే ఒకటే పేరు: ఈఎస్-175.

1949లో వచ్చిన మోడల్ అది. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. ఒళ్లో పడుకోబెట్టి వాయించే హవాయి గిటార్ కాదు, నిలబెట్టి వాయించేది అని చెప్పడానికి ఆ పేరు. 175 అంటే అప్పటి ధర, డాలర్లలో. జాజ్ గిటారిస్టులు జో పాస్, జిమ్ హాల్, పాట్ మెథీనీ వాయించింది ఇదేరా. నువ్వు క్యాసెట్ అరిగేదాకా విన్న ఆ గుండ్రటి, వెచ్చటి స్వరం ఈ పొరల చెక్కలోంచి వచ్చిందే. పొరల పలక గట్టిగా ఉంటుంది కనక యాంప్ పెంచినా చెక్కిన పలక అంత తొందరగా ఊళ పెట్టదు. బార్లో వాయించేవాడికి కావాల్సింది అదేగా.

పేరు తేలింది, ఏడు తేలాలి. ఆ కాలపు గిబ్సన్ ఆర్చ్‌టాప్‌లకి, అంటే ఇలా పై పలక ఉబ్బెత్తుగా ఉండే గిటార్లకి, లోపల కోడిగుడ్డు ఆకారంలో లేబుల్ ఉండేది, 1950ల మధ్య దాకా తెల్లది, ఆ తర్వాత నారింజరంగుది. దాని మీద A అక్షరంతో మొదలయ్యే నంబరు. 1947 నుంచి 1961 దాకా ఆ వరస నడిచింది, నంబరుంటే ఏడు ఇట్టే చెప్పేయొచ్చు. ఇక్కడ లేబుల్ ఊడిపోయి జిగురు మరక మిగిలింది. దుకాణమతను అక్కడితో ఆగిపోయాడు. కానీ బావా, ఫ్యాక్టరీలో లేబుల్ అంటించేది ఆఖర్న. అంతకు చాలా ముందే, పొట్ట తయారయ్యే దశలోనే, లోపల వెనక పలక మీద సిరాతో ఇంకో నంబరు ముద్ర కొట్టేవాళ్లు. ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్ అంటారు. 1950ల్లో దాని ముందు ఒక అక్షరం ఉంటుంది, అక్షరాలు వెనక నుంచి ముందుకి నడుస్తాయి: 1952కి Z, 53కి Y, 54కి X, అలా 1961కి Q దాకా. లేబుల్ ఊడిపోతుంది, ఈ సిరా ఎక్కడికీ పోదు.

పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దం ఒకటి కొన్నాను. రెండో రంధ్రంలోంచి దాన్ని లోపలికి పెట్టి, ఫోన్ లైటు ఏటవాలుగా వేసి, డెబ్భై ఏళ్ల దుమ్ములోంచి చూస్తుంటే మొదట ఏమీ లేదు. లైటు కోణం మార్చాను. V అక్షరం, పక్కనే అంకెలు. అద్దంలో తిరగేసి ఉన్నా V అక్షరం Vలాగే ఉంటుంది కదా! V అంటే 1956. రాత్రి పదకొండింటప్పుడు వంటింట్లో లేచి నిలబడ్డాన్రా.

ఆ సంతోషం ఓ పూట కూడా నిలవలేదు. పికప్‌ల వల్ల, అంటే తీగల కింద ఉండి వాటి కదలికని కరెంటుగా మార్చి యాంప్‌కి పంపేవి. దీని మీద ఉన్నవి రెండు హంబకర్లు, రెండేసి కాయిల్స్ ఉన్న రకం. సెత్ లవర్ అనే గిబ్సన్ ఇంజనీరు హంబకర్‌కి పేటెంటు దరఖాస్తు పెట్టింది 1955 జూన్‌లో, ఈఎస్-175 మీదికి అవి వచ్చింది 1957లో. 1956 గిటార్ మీద ఉండాల్సినవి పీ-90లు, ఒకే కాయిల్‌వి, రెండు చివర్లా కుక్క చెవుల్లాంటి మడతలుంటాయి కనక డాగ్ ఇయర్ అంటారు. అయితే నేను చదివింది V కాకపోవాలి, లేకపోతే ఎవరో పికప్‌లు మార్చి ఉండాలి. ఫొటోలు చూసిన ఒకాయన "అవి తొలి పీఏఎఫ్‌లైతే నీ పంట పండినట్టే" అన్నాడు. పేటెంటు రాకముందు వెనక "పేటెంట్ అప్లయిడ్ ఫర్" అని స్టిక్కరుతో వచ్చినవి అవి. ఒక్కోటి వేల డాలర్లు పలుకుతుంది. అందుకే దొంగ స్టిక్కర్లూ అంతే ఉన్నాయి.

లైట్లన్నీ ఆర్పేసి అతినీలలోహిత టార్చి వేశాను. పాత గిటార్ల మీది నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూత ఆ వెలుగులో పచ్చగా మెరుస్తుంది, తర్వాత దిద్దిన చోటు నల్లగా ఉండిపోతుంది. ఒళ్లంతా ఒకేలా మెరిసింది, నాకు ప్రాణం లేచొచ్చింది. మెడ వెనక, నట్ కిందా కూడా అలాగే ఉంది. గిబ్సన్ తల వెనక్కి బాగా వాలి ఉంటుంది, కింద పడితే విరిగేది అక్కడే. కానీ పికప్ చట్రాల చివర్లకి కాస్త ఆవల, ఇటొకటి అటొకటి, ఆవగింజంత నల్లచుక్కలు. రెండు పికప్‌లకీ నాలుగు. డాగ్ ఇయర్ పీ-90ల మరలుండే చోటు సరిగ్గా అదే. ఎవరో ఆ రంధ్రాలు ఎంతో నేర్పుగా పూడ్చి రంగు దిద్దారు. మామూలు వెలుతురులో నీకూ నాకూ కనపడదు.

అక్కడి నుంచి నా చెయ్యి దాటింది, విప్పే ధైర్యం చెయ్యలేదు. పోయిన శనివారం ఆవిడనీ గిటార్‌నీ కార్లో ఎక్కించుకుని కలమజూ వెళ్లాను. మా ఇంటికి రెండు గంటల దారి, ఈ గిటార్ పుట్టిన ఊరు. పార్సన్స్ వీధిలో 1917లో కట్టిన ఫ్యాక్టరీ, 1984లో గిబ్సన్ దాన్ని మూసేసి మొత్తం నాష్‌విల్‌కి మారిపోయింది. ఊరు వదలని కొందరు పనివాళ్లు మరుసటి ఏడే అదే భవనంలో హెరిటేజ్ అని సొంతంగా గిటార్లు చెయ్యడం మొదలెట్టారు. ఆవిడ కారు దిగి ఆ ఇటుక గోడ వంక చాలాసేపు చూసింది. నేనేమీ మాట్లాడలేదు.

ఆ ఊళ్లో పాత గిటార్లు బాగుచేసే పెద్దాయన ఒకడున్నాడు. చేతులు చూస్తేనే తెలిసిపోతుంది పనివాడని. ముందు చుట్టూ చూశాడు: తీగలు బిగించే క్లూసన్ కంపెనీ ట్యూనర్లు అసలువే, ప్లాస్టిక్ చెవులు కుంచించుకుపోయి రాలడానికి సిద్ధంగా ఉన్నాయి, అయినా మార్చొద్దన్నాడు. లోపలి వాల్యూమ్ పాట్‌ల (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగాల) వీపు మీద నంబరు అద్దంలో చదివించాడు. 134తో మొదలైతే సెంట్రలాబ్ కంపెనీ, ఆ తర్వాతి అంకె 6 ఏడాది, చివరి రెండూ వారం. ఆ 6 ఒక్కటే చూస్తే 1946 అయినా 1956 అయినా కావచ్చు, లోపలి V ముద్రతో కలిపి చూస్తేనే 1956. అప్పుడు పికప్ చట్రం మరలు విప్పి మెల్లగా తిప్పి పట్టుకున్నాడు. స్టిక్కరు మీద పేటెంట్ నంబర్ 2,737,842. పీఏఎఫ్ కాదు, 1960ల్లో దాని తర్వాత వచ్చిన రకం. ఇంకో వింత, ఆ నంబరు అసలు హంబకర్‌దే కాదు, గిటారిస్టు లెస్ పాల్ పేరు మీదున్న టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు పట్టి ఉంచే భాగం) పేటెంటు నంబరు. హంబకర్‌ది 2,896,491.

"ఎవరు మార్చారో" అని ఆయన అంటుంటే ఆవిడ అందుకుంది. "మా ఆయనే. 1967లో. బార్లో నియాన్ దీపాలకి అది గుయ్యిమని ఒకటే మూలుగుడు, పాట మధ్యలో తిట్టుకునేవాడు" అంది. అంతే కదరా! ఒక్క కాయిలున్న పీ-90 చుట్టుపక్కల కరెంటు రొదనంతా లాక్కుంటుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురుగా చుట్టి ఆ రొదని కొట్టేస్తాయి. డబ్బు లెక్కలో అది గిటార్‌కి దెబ్బ, ఆయన బతుకులో మాత్రం శనివారాలన్నీ హాయిగా గడిచాయి. హంబకర్లు పట్టేందుకు కోసిన ఆ చెక్కని చూసి నాకు అప్పటిదాకా ఉన్న కోపం అక్కడే పోయింది.

పెద్దాయన, "తీసినవి పారేశాడా" అని అడిగాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, బేస్‌మెంట్ పనిబల్ల కింద ఏదో బిస్కెట్ల డబ్బా ఉండాలంది. రాత్రి ఇంటికొచ్చాక వెతికాం. నీలంరంగు రేకు డబ్బా, మనిళ్లలో సూదులూ దారాలూ దాచుకునే లాంటిదే. అందులో నూనెగుడ్డలో చుట్టి రెండు పీ-90లు, నల్ల కవర్లు, నాలుగు మరలు, అన్నీ! ఆవిడ ఆ గుడ్డ వాసన చూసి చాలాసేపు వదల్లేదు.

ఇక డబ్బు సంగతి. పెద్దాయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. ధర అంటే ఒకటి కాదు, దుకాణం అద్దాల బీరువాలో పెట్టే ధర ఒకటి, దుకాణం వాడు మన చేతిలో పెట్టేది దానిలో అరవై శాతం దాకా, తెలిసినవాడికి నేరుగా అమ్మితే ఆ రెంటికీ మధ్య. ఎవరెంత అడుగుతున్నారో చూడొద్దు, నిజంగా ఎంతకి అమ్ముడుపోయాయో చూడమన్నాడు. తల విరిగి అతికించినా, ఒళ్లంతా కొత్త రంగు కొట్టినా సగానికి సగం పోతుందట. ఇక్కడ ఆ రెండూ లేవు. చెక్క కోసినందుకు తగ్గించి, డబ్బా దొరికినందుకు కొంత కలిపి, 4,500 డాలర్లని కాగితం మీద రాసిచ్చాడు. పీ-90లు తిరిగి బిగించొద్దు, పాలిష్ పట్టొద్దు, గిటార్‌తో పాటే డబ్బా ఇవ్వాలి అన్నాడు. 900కి ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

నువ్వేం అడగబోతున్నావో తెలుసు. కొని పంపడం కుదరదురా. ఆ ఫ్రెట్‌బోర్డు బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ చెట్టు అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలో ఉంది. పర్మిట్లు లేకుండా దేశం దాటిస్తే కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు. అయినా ఆవిడ ఇప్పుడు అమ్మనంటోంది. మనవరాలు కాలేజీలో బేస్ వాయిస్తుందట, అది వేసవి సెలవులకి వచ్చేదాకా ఉంచుతానంది.

అయితే ఒక మాట అడిగింది. ఆయన పోయాక దాని గొంతు వినలేదట. నా చేత తబలా తప్ప పలకదు కదా, నీ గురించి చెప్పాను. జూన్‌లో మీ అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి వస్తున్నావు కదా, ఒక శనివారం సాయంత్రం నాకోసం ఉంచు. ఆయన వాడేవని ఆవిడ చెప్పిన ఫ్లాట్‌వౌండ్ (పైన చుట్టు నున్నగా ఉండే) తీగలే ఒక సెట్టు తెచ్చిపెట్టాను, పన్నెండు గేజ్. పొట్ట మీద తీగలు ఆనే బ్రిడ్జి తీగల బిగువు మీదే కూర్చుని ఉంటుంది, అందుకని ఒక్కో తీగే మార్చాలట. ఆ పని నువ్వొచ్చాకే. ఈలోగా గోళ్లు కత్తిరించుకో, సాధన చెయ్యి. అక్కయ్యకి నా నమస్కారాలు, పిల్లకి ఆశీస్సులు.

నీ బావ