ఆదివారం నడక గురించి, ఆ తర్వాత వినిపిస్తున్న మాటల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా గేటు దగ్గర, ఆటోల్లో, తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ నడుస్తోంది కాబట్టి ఈసారి పరీక్షల సంగతి తర్వాత రాస్తాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కుటుంబాలు ఆదివారం పొద్దున మన విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం నుంచి బెంజి సర్కిల్ వరకు విరాళాల కోసం నడిచాయి. వాళ్లతోపాటు మన పిల్లలూ నడిచారు. అంతకుముందు శుక్రవారం బడి అసెంబ్లీలో మన ఎనిమిదో తరగతి అమ్మాయి మైకు ముందుకు వచ్చి, తాను ఏడో నెలలోనే పుట్టానని, అప్పుడు కిలో బరువు కూడా లేనని చెప్పింది. అమ్మానాన్నలతో మాట్లాడుకుని, వాళ్లు సరేనన్నాకే చెప్పింది. కాగితం చూడకుండా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. చివరి వరుసలో ఎప్పుడూ గుసగుసలాడే పదో తరగతి అబ్బాయిలు కూడా నిశ్శబ్దంగా విన్నారు.

మీలో చాలామంది మెచ్చుకున్నారు, సంతోషం. కొందరు మాత్రం "ఆడపిల్ల కదా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ మాటలు అడ్డు రావా, స్కూలువాళ్లకు ఆ మాత్రం తెలియదా" అని గ్రూపులో రాశారు. ఆ మెసేజ్‌లు వాళ్లమ్మ కూడా చదివారు. మీరు ఆ పిల్ల మంచి కోరే రాశారని నమ్ముతున్నాను. అయినా పదమూడేళ్ల పిల్ల పెళ్లి గురించి నూటయాభై మంది ఉన్న గ్రూపులో చర్చ పెట్టొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. సందేహం ఉంటే ఆఫీసుకు రండి, సాయంత్రం నాలుగు తర్వాత నేను ఉంటాను.

నాకు ఇంకా బాధ కలిగించింది నాలుగో తరగతి సంగతి. సోమవారం ఇంటర్వెల్‌లో ఒక బాబును తోటి పిల్లలు "బాక్సు పిల్లాడా" అని పిలిచారు. పుట్టినప్పుడు వాణ్ని కొన్ని వారాలు బాక్సులో, అంటే పసిబిడ్డను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో, ఉంచారని ఎవరో చెప్పారట. పిలిచిన ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగితే "మా ఇంట్లో అన్నారు మేడమ్" అన్నారు. పిల్లలు ఆ మాట బడిలో నేర్చుకోలేదు. అన్నం తింటూ మనం మాట్లాడుకునేవన్నీ వాళ్లు వింటారు. దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఇది మనకు దూరపు విషయమని అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా అలా పుట్టినవాళ్లు దాదాపు 1 కోటి 34 లక్షల మంది, అంటే పదిమందిలో ఒకరు. మన ప్రతి సెక్షన్‌లోనూ అలాంటి పిల్లలు ఉండే ఉంటారు. చాలా ఇళ్లలో ఆ సంగతి పైకి చెప్పరు, ఎందుకంటే చెప్తే తల్లిని అంటారు. బొప్పాయి తిందని, నీళ్ల బిందె ఎత్తిందని, గ్రహణం రోజు బయటికి వచ్చిందని అంటారు. బీపీ, షుగరు, ఇన్‌ఫెక్షన్లు, కవలలు కావడం, మరీ చిన్న వయసులో గర్భం రావడం, ఇవీ డాక్టర్లు చెప్పే కారణాలు. చాలాసార్లు ఏ కారణమూ దొరకదు. అప్పటికే బిడ్డ బతుకుతుందో లేదోనన్న టెన్షన్‌లో ఉన్న తల్లిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఈ మాట ఎన్నిసార్లయినా అంటాను. ఇంకో మాట కూడా మనవైపు బాగా నాటుకుపోయింది: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదని. ఇది పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డకు బలమే. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. ఆ మాట నమ్మి ఆశ వదులుకోకండి, ఎవరినీ వదులుకోనివ్వకండి.

మన పదో తరగతి అమ్మాయిలిద్దరు ఇదంతా సైన్సు పాఠంలా చేసి చూపించారు. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో సబ్బు కలిపారు. స్ట్రాతో ఊదితే మామూలు నీళ్లలో బుడగ లేచిన వెంటనే పగిలిపోయింది. సబ్బు నీళ్లలో నురగ గ్లాసు అంచు దాకా వచ్చి నిలబడింది. మన ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా ఆపే అలాంటి పదార్థం ఒకటి ఉంటుందని, దాని పేరు సర్ఫాక్టెంట్ అని, అది తగినంత తయారుకాకముందే పుట్టినందుకే ఈ బిడ్డలు ఊపిరికి అంత కష్టపడతారని వివరించారు. ఐదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. ఆ ఇద్దరిని చూసి నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. మూడో తరగతి వాళ్లు తాడుకు తొమ్మిది జతల మేజోళ్లు కట్టి, మధ్యలో వంకాయరంగు బుల్లి జత ఒకటి వేలాడదీశారు. పదిమందిలో ఒకరికి గుర్తు అది. నెలలు నిండని పిల్లల దినమైన నవంబరు 17న చాలా దేశాల్లో ఇలాగే కడతారు. నడకలో ఒక తల్లి తన బిడ్డకు మొదట పెట్టిన టోపీ తెచ్చారు. నా గుప్పిట్లో పెడితే కనిపించకుండా పోయింది. ఇప్పుడు ఆ బిడ్డ యూకేజీ. దారి పొడవునా వాళ్ల సంచి మోసినవాడు మన తొమ్మిదో తరగతి అబ్బాయి, ఎవరూ చెప్పకుండానే తీసుకున్నాడు.

డబ్బు ఎందుకని అడిగారు, న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లి తేరుకున్నా, బిడ్డ వారాల తరబడి నవజాత శిశు విభాగంలోనే ఉండాల్సి వస్తుంది. తిరువూరు నుంచో అవనిగడ్డ నుంచో వచ్చిన తల్లి రోజూ ఊరికి వెళ్లి రాలేదు. రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఇవ్వాలి. పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిసి కుదరడానికి బిడ్డకు గర్భం లెక్కన సుమారు 34 వారాలు రావాలి, అప్పటిదాకా సన్నని గొట్టంతోనే పాలు. ఆ తల్లుల భోజనానికి, తోడున్నవాళ్ల బస్సు ఛార్జీలకు, పిల్లల టోపీలకు, మేజోళ్లకు ఈ డబ్బు. ఎవరినీ బలవంతం చేయలేదు, ఇవ్వనివాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు.

మీ బంధువుల్లో ఎవరికైనా ముందుగా కాన్పయితే రెండు విషయాలు చెప్పండి. ఒకటి, బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద పెట్టుకోవడం. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలుపెట్టిన ఈ పద్ధతిని పుట్టిన వెంటనే ప్రారంభించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. నాన్నలూ చేయవచ్చు, చేయాలి. రెండు, కంటి పరీక్ష. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు ఉన్నా పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష జరగాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు. బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా ఇది మానొద్దు.

ఇక మన ఇళ్ల సంగతి. నడకకు ఆరింటికి రమ్మంటే ఏడుంపావుకు దింపారు, సరే. టిఫిన్ పెట్టకుండా పంపినందుకు ఇద్దరు పిల్లలు దారిలోనే కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. రాత్రి పన్నెండు దాకా ఫోను చేతిలో ఉంటే పొద్దున ఆకలి ఎక్కడ వేస్తుంది? జ్వరం ఉన్న పిల్లలకు పారాసిటమాల్ వేసి బడికి పంపడం మాత్రం ఇక మానాలి. పదింటికి మందు పని అయిపోతుంది, పక్క బెంచీ పిల్లాడికి అంటుకుంటుంది. మన పిల్లల్లో ఇద్దరి ఇళ్లలో ఇప్పుడు నెలలు నిండకుండా పుట్టిన తమ్ముడో చెల్లో ఉన్నారు. మీకు మామూలు జలుబు, ఆ పసిబిడ్డకు మళ్లీ ఆసుపత్రి. ఒంట్లో బాగోలేకపోతే ఇంట్లో ఉంచండి, హాజరు సంగతి నేను చూసుకుంటాను.

ఫార్మేటివ్ పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, బస్సు ఫీజు నెలాఖరులోగా కట్టండి, కార్తీక వనభోజనాల అనుమతి పత్రాలు శుక్రవారంలోగా పంపండి.

పోగైన డబ్బును బుధవారం మధ్యాహ్నం ఆ కుటుంబాల సమక్షంలో లెక్కపెట్టి అందజేస్తాం. తల్లిదండ్రులు ఎవరైనా రావచ్చు. ఆసుపత్రి వార్డులోకి ఎవరినీ పంపరు, బయట భోజనశాల దగ్గరే కలుస్తాం. అక్కడి తల్లుల ఫొటోలు తీయొద్దు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు రావొద్దు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు