కాలిన మచ్చకు వైద్యం సోకు కాదు

సంపాదకులకు నమస్కారం.

కాలిన గాయం మానగానే రోగిని ఇంటికి పంపేసి చేతులు దులుపుకోవడం మన ఆసుపత్రుల్లో మామూలైపోయింది. మచ్చ గట్టిపడేది అసలు ఆ తర్వాతే.

వేడి గంజి పడి మా పాప కుడి మోచెయ్యి కాలింది. మానడానికి నెల దాటింది. మూడు వారాల్లో మానని కాలిన గాయం ఉబ్బెత్తు మచ్చగా మారే ప్రమాదం ఎక్కువ. అయినా డిశ్చార్జి కాగితంలో ఒక ఆయింట్‌మెంటు పేరు తప్ప ఏమీ రాయలేదు. రెండు నెలలు తిరిగేసరికి మచ్చ ఎర్రగా, తాడులా పైకి లేచింది. రాత్రిళ్లు దురదతో నిద్ర లేదు. అన్నం కలుపుకుని తినగలిగేది గానీ, బోర్డు మీద రాయడానికి చెయ్యి చాపలేకపోయేది. చూడవచ్చిన వాళ్లంతా ఆడపిల్లకు మచ్చ పడిందని బాధపడ్డారే తప్ప, చెయ్యి చాపగలుగుతోందా అని ఒక్కరూ అడగలేదు. అలాగని మచ్చ కనబడకూడదనుకోవడమూ తప్పు కాదు. పొట్టి చేతుల యూనిఫాం వేసుకోనని పిల్ల ఏడుస్తుంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

గుంటూరులో ఒక ప్లాస్టిక్ సర్జన్ మచ్చ మీద అంటించే సిలికాన్ షీటు, కొలత తీసి కుట్టే ప్రెషర్ గార్మెంట్, రోజూ మసాజ్, ఫిజియోథెరపీ రాశారు. ఆ బిగుతు తొడుగు స్నానానికి తప్ప తీయకూడదు, రోజుకు 23 గంటలు ఉండాలి. ఒకటి ఉతికి ఆరేస్తే వేసుకోవడానికి ఇంకోటి కావాలి. ఎలాస్టిక్ సాగిపోతే కొన్ని నెలలకే మళ్లీ కుట్టించాలి, పైగా పిల్లలు ఎదుగుతుంటారు. మే నెల ఎండల్లో చెమటకు పీకేస్తానంటుంటే బుజ్జగిస్తూ వేయించాం. మచ్చ మెత్తబడడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఇప్పుడు పాప చెయ్యి చక్కగా చాపుతోంది. మచ్చ పూర్తిగా పోదని డాక్టరుగారు ముందే చెప్పారు, కానీ బాగా అణిగింది.

బిల్లులు పెడితే 'అందం కోసం చేసే వైద్యం' అంటూ బీమా వాళ్లు తిప్పి పంపారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో, అంటే బీమా డబ్బు రాని ఖర్చుల్లో, కాస్మెటిక్ సర్జరీ ఉన్న మాట నిజమే. కానీ ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత శరీరాన్ని సరిచేసే చికిత్సకు ఆ మినహాయింపు వర్తించదని అదే క్లాజులో ఉంది. పాలసీ ఉన్నవాళ్లు ఆ వాక్యం చూపించి గట్టిగా అడగాలి.

పాలసీ లేనివాళ్ల సంగతేమిటి? కాలిన చర్మం ముడుచుకుపోయాక చేసే ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) జాబితాలో ఉన్న ప్యాకేజీలోనే ప్రెషర్ గార్మెంట్లు, సిలికాన్ షీటు, ఫిజియోథెరపీ కలిసి ఉన్నాయి. ముడుచుకున్నాక ఇచ్చేవాటిని ముడుచుకోకముందే ఇస్తే చాలామంది పిల్లలకు ఆ ఆపరేషనే తప్పుతుంది. గాయం మానిన వెంటనే జిల్లా ఆసుపత్రిలోనే కొలతలు తీసి తొడుగు ఇవ్వాలని, మచ్చ చూపించుకోవడానికి ఎప్పుడు రావాలో, చేతికి ఏ వ్యాయామం చేయించాలో డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాయాలని వైద్య ఆరోగ్యశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక తల్లి, తెనాలి