చిప్ప ఆపరేషన్ అయినవారికి ఎమ్మారై: నోట్స్ వెంట ఉండాలి

సంపాదకులకు,

మోకాలి చిప్ప పదేపదే పక్కకు జారుతోందని ఆపరేషన్ చేయించుకున్నవారు, నొప్పి తిరగబెడితే తిరుపతి స్కానింగ్ సెంటర్లకు ఆపరేషన్ నోట్స్ లేకుండా ఉత్త చేతులతో వస్తున్నారు. చిప్పను పట్టి ఉంచే లిగమెంటు కొత్తగా వేశారా, మోకాలి కింది ఎముక బుడిపెను జరిపి స్క్రూలు బిగించారా తెలియకుంటే రిపోర్టు సగమే. డిశ్చార్జి కాగితంలో ‘మోకాలి ఆపరేషన్’ అని ఒక్క ముక్క రాసి పంపడం రోగికి అన్యాయం.

టైటానియం స్క్రూ అయినా చుట్టూ బొమ్మ చెదురుతుంది. కాబట్టి 3 టెస్లా (అయస్కాంత శక్తి కొలత) కన్నా 1.5 టెస్లా మిషన్ మేలు. బొమ్మలో కొవ్వును మరుగుపరచడానికి ఫ్యాట్‌శాట్ పద్ధతి బదులు స్టిర్ పద్ధతిలో తీయాలి, మిషన్ సంకేతాలు అందుకునే బ్యాండ్‌విడ్త్ పెంచాలి. స్క్రూ సంగతి టెక్నీషియన్‌కు ముందే చెప్పండి.

ముఖ్యంగా చూడాల్సింది తొడ ఎముకలో గ్రాఫ్ట్ (కొత్తగా వేసిన లిగమెంటు) కోసం వేసిన రంధ్రం. అది ఉండాల్సిన చోటికన్నా పైకీ ముందుకూ పోతే, కాలు మడిచినప్పుడల్లా గ్రాఫ్ట్ బిగుసుకుంటుంది. మడత పూర్తిగా రాదు, చిప్ప వెనక మృదులాస్థి నలిగిపోతుంది. చిప్పలో వేసిన రంధ్రం దగ్గర సన్నని పగులు ఉందేమో కూడా వెతకాలి. తొలి నెలల్లో గ్రాఫ్ట్ కాస్త తెల్లగా కనిపించినంత మాత్రాన తెగినట్టు కాదు, పోగులు ఒక కొస నుంచి మరో కొసదాకా వరసగా ఉన్నాయా అన్నదే లెక్క. చిప్ప మళ్లీ జారుతుంటే టీటీ-టీజీ దూరం (కింది ఎముక బుడిపెకూ, తొడ ఎముకలో చిప్ప కదిలే గాడికీ మధ్య అడ్డంగా ఉన్న దూరం) కొలిచి రిపోర్టులో రాయాలి, 20 మి.మీ. దాటితే సర్జన్ బుడిపె సంగతి మళ్లీ ఆలోచించాల్సి ఉంటుంది.

– ఎముకల, రేడియాలజీ వైద్యులు, తిరుపతి