బ్యాటరీ మార్చుకోలేని ఫోన్‌కి మంచి మార్కులు వేయొద్దు

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి శ్రీ ప్రహ్లాద్ జోషి గారికి,

నమస్కారం.

మీ శాఖ వేసిన భరత్ ఖేరా కమిటీ 2025 మేలో ఇచ్చిన నివేదిక గురించే ఈ లేఖ. ఏ ఫోన్‌ని ఎంత తేలిగ్గా రిపేరు చేయించుకోవచ్చో చెప్పే ‘రిపేరబిలిటీ ఇండెక్స్’ పెట్టాలని, ఆ మార్కులు షాపులోనూ ఆన్‌లైన్‌లోనూ కొనేవాళ్లకి కనబడాలని కమిటీ చెప్పింది. చాలా అవసరమైన పని. కానీ ఆ మార్కుల్ని కంపెనీలే లెక్కగట్టి ప్రకటిస్తాయి. పైగా స్పేర్ పార్టులు, మాన్యువల్, టూల్స్ అన్నింటికీ మార్కులు వేసి కలిపేస్తే, బ్యాటరీని జిగురుతో అతికించేసిన ఫోన్ కూడా దర్జాగా పాసైపోతుంది. నా అభ్యంతరం అక్కడే.

ఫోన్‌లో ఖాయంగా అరిగిపోయేది బ్యాటరీ. జాగ్రత్తగా చూసుకుంటే స్క్రీన్ ఏళ్ల తరబడి ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ మాత్రం వాడినా వాడకపోయినా తగ్గుతూనే పోతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. మే నెలలో రెంటచింతల, రామగుండం ఎండలు ఎలా ఉంటాయో మాకు తెలుసు. ఆ ఎండలో బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకుని, మ్యాప్ ఆన్‌లో ఉంచి, పవర్ బ్యాంక్‌తో చార్జింగ్ పెట్టుకుని రోజంతా తిరిగే డెలివరీ కుర్రాళ్లున్నారు. ఆ ఫోనే వాళ్ల జీవనాధారం.

మా వదిన ఆశా కార్యకర్త. ఆమె ఫోన్ మూడో ఏట బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పైకి లేచింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ‘ఈ మోడల్‌కి బ్యాటరీ రావట్లేదు మేడం, కొత్తది తీసుకోండి’ అన్నారు. బయట షాపులో అబ్బాయి ఫోన్‌ని హీటింగ్ ప్యాడ్ మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక సన్నటి ప్లాస్టిక్ రేకుని అంచులో దూర్చి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. ‘మూత పగిలితే మాకు సంబంధం లేదండీ’ అని ముందే చెప్పేశాడు. మూత ఊడాక బ్యాటరీ కింద మళ్లీ జిగురు. ఉబ్బిన బ్యాటరీ ఎక్కడైనా చిల్లు పడితే మంట లేస్తుంది. అతని చేతికి గ్లౌజు కూడా లేదు. పక్కన నిలబడి చూస్తున్న మాకే టెన్షన్ వచ్చింది. చివరికి ఫోన్ బతికింది గానీ, అందులో వేసిన బ్యాటరీ ఎవరు తయారు చేశారో అతనికీ తెలియదు. ఒరిజినల్ దొరక్కుండా చేసి, బయట బ్యాటరీలు ప్రమాదమని కంపెనీలు హెచ్చరించడం న్యాయం కాదు.

భద్రత కోసమే బ్యాటరీని లోపల మూసేశామని కూడా కంపెనీలు అంటాయి. కానీ ఈ రెండు సంఘటనలు చూడండి. 2007లో నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీల్లో 4.6 కోట్లు వేడెక్కే ప్రమాదం ఉందని ప్రకటించింది. జనం మూత తీసి బ్యాటరీ మీద నంబరు చూసుకున్నారు, లోపమున్నది ఇచ్చేసి కొత్తది తీసుకున్నారు. 2016లో బ్యాటరీ ఊడిరాని శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్ల బ్యాటరీలు కాలిపోతుంటే 25 లక్షల ఫోన్లనే వెనక్కి పిలవాల్సి వచ్చింది, చివరికి ఆ మోడల్‌నే ఆపేశారు. మూత తీసేలా ఉంటే నీళ్లు లోపలికి పోతాయన్న మాటా నిలబడదు. అదే శాంసంగ్ 2014లో తెచ్చిన గెలాక్సీ ఎస్5 నీళ్లకి తట్టుకునేది, వెనక మూత గోటితో వచ్చేసేది.

అసలు కారణం యాపిల్ ఉదంతంలో కనబడుతుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగం తగ్గించామని ఒప్పుకున్నాక, 2018లో ఆ కంపెనీ బ్యాటరీ మార్పిడి ధరను అమెరికాలో 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2019 జనవరిలో యాపిల్ సీఈవో టిమ్ కుక్ మదుపరులకి రాసిన లేఖలో, అమ్మకాలు అనుకున్నంత లేకపోవడానికి చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీ మార్పిడి ఒకటి. బ్యాటరీ చవగ్గా దొరికితే జనం పాత ఫోన్నే వాడుకుంటారని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

యూరప్ సిఫార్సులతో ఆగలేదు, చట్టం చేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి తెచ్చే ఫోన్ల బ్యాటరీ 800 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యాక కూడా కొత్తలో ఉన్న సామర్థ్యంలో కనీసం 80 శాతం నిలుపుకోవాలి. వాడేవాళ్లే బ్యాటరీ తీసి మార్చుకునేలా పరికరాలు ఉండాలన్న నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి వస్తోంది. నీళ్లకి తట్టుకుని, 1000 చార్జింగుల దాకా నిలిచే ఫోన్లకి మినహాయింపు ఇచ్చారు. మన దగ్గర అలాంటి మినహాయింపు ఇచ్చేట్టయితే, ముందు మన ఎండల వేడిలో పరీక్షించి ఇవ్వండి.

మిమ్మల్ని కోరేది ఇది. మామూలు స్క్రూడ్రైవర్‌తో ఇంట్లోనే బ్యాటరీ మార్చుకోలేని ఫోన్‌కి, మిగతా విషయాల్లో ఎన్ని మార్కులొచ్చినా, ఇండెక్స్‌లో కింది వరసే ఇవ్వండి. మార్కుల్ని కంపెనీల మాట మీద వదిలేయకుండా బయటి ల్యాబులతో తనిఖీ చేయించండి. ఏ మోడల్‌కైనా అమ్మకం ఆగిన తర్వాత ఏడేళ్ల దాకా ఒరిజినల్ బ్యాటరీ, డబ్బా మీద ముద్రించిన ధరకే, జిల్లా కేంద్రాల్లో దొరకాలి. వీధి చివర షాపు నడుపుకునే మెకానిక్‌కీ అదే ధరకి అమ్మాలి. వీటిని సలహాలుగా వదిలేయకుండా గెజిట్‌లో నోటిఫై చేసి, అమలు తేదీ ప్రకటించండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక వినియోగదారు