సింహం పడుకుంటే టికెట్ డబ్బులు దండగ అయినట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

సెలవులు వచ్చాయంటే ఫ్యామిలీలు, ఆఫీసు వాళ్ళు, ఫ్రెండ్స్ గ్యాంగులు అందరూ గుంపుగా జంతువుల థీమ్ పార్కులకి బయల్దేరతారు, అదే ఒకపక్క రైడ్లు ఇంకోపక్క జంతువులు ఉండే పార్కులు. తిరిగొచ్చాక చాలామంది నోట వినపడేది ఒకటే మాట, ఏముందండీ అక్కడ, సింహం పడుకునే ఉంది, పులి అసలు కనపడనే లేదు, ఎండలో తిరిగి కాళ్ళు పీకడం తప్ప ఏం మిగల్లేదు అని. ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ రోజు పాడవడానికి కారణం పార్కూ కాదు సింహమూ కాదు, మనం టైము వేసుకునే పద్ధతే అని నా గట్టి నమ్మకం, అందుకే ఇది రాస్తున్నా.

పెద్ద గుంపు అంటే ఎలా ఉంటుందో తెలిసిందే కదా. గేటు దగ్గర అందరూ చేరేసరికే ఎండెక్కుతుంది, లోపలికి అడుగు పెట్టగానే పిల్లలు రోలర్ కోస్టర్ వైపు లాగుతారు, క్యూ ఇంకా చిన్నగానే ఉంది ముందు రైడ్లు అయిపోనిద్దాం, జంతువులు ఎక్కడికి పోతాయిలే అని పెద్దవాళ్ళు కూడా సరే అనేస్తారు. కానీ చాలా జంతువులు లేచి ఎక్కువగా తిరిగేది ఎండ ముదరకముందు, చల్లగా ఉన్న పొద్దుటి టైములో! సింహం రోజులో దాదాపు 20 గంటలు విశ్రాంతిలోనే ఉంటుంది, అడవిలో ఉన్నా అంతే, అది బద్ధకం కాదు, వేటకి కావాల్సిన ఓపిక దాచుకోవడం. హిప్పో పగలంతా నీళ్ళలోనే ఉంటుంది, చెవులూ కళ్ళూ ముక్కూ మాత్రం పైకి పెట్టి, ఎందుకంటే దాని చర్మం ఎండకి తొందరగా ఎండిపోయి పగిలిపోతుంది, గడ్డి మేయడానికి గట్టెక్కేది చీకటి పడ్డాకే. అలాంటిది మనం మిట్టమధ్యాహ్నం వెళ్ళి అద్దం మీద టకటకా కొట్టి, లే లే అని అరిస్తే ఎలాగండీ. మన పడకగది కిటికీ మీద ఎవరైనా అలా కొడితే ఊరుకుంటామా?

కాబట్టి గేటు తెరిచే టైముకి కాస్త ముందే చేరాలి, మొదటి రెండు గంటలూ జంతువులకే ఇవ్వాలి. ఎండ ముదిరాక రైడ్లు, నీడలో జరిగే షోలు, చల్లగా ఉండే అక్వేరియం హాళ్ళు. ఎండ తగ్గాక మళ్ళీ ఒక చుట్టు జంతువుల వైపు. మధ్యాహ్నం రైడ్ల క్యూ పెరిగే మాట నిజమే, ఒకటో రెండో రైడ్లు మిస్సవుతాం కూడా, అయినా రోలర్ కోస్టర్ ఎప్పుడెక్కినా అదే స్పీడు, పులి మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు నడవదు.

ఇంకో విషయం, దీని మీద నాకు ఇంకా పట్టుదల ఎక్కువ. గుంపుగా వెళ్ళాం కాబట్టి అందరూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా కలిసే తిరగాలనే రూలు ఎవరు పెట్టారో గానీ సరదా అంతా చంపేసేది అదే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మ, చంకలో పసిపిల్ల ఉన్న తల్లి, పరిగెత్తే టీనేజీ పిల్లలు, వీళ్ళందరికీ ఒకే నడక ఎలా కుదురుతుంది? ఒక చోటు, ఒక టైము అనుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే చాలు, భోజనానికి అందరూ అక్కడ కలుస్తారు, మిగతా టైములో ఎవరిష్టం వాళ్ళది. మేం ఈమధ్య అలాగే వెళ్ళాం. మాతో వచ్చిన ఒక పెద్దావిడ ఏనుగుల దగ్గర నీడలో బెంచీ చూసుకుని కూర్చున్నారు, మీరంతా వెళ్ళిరండమ్మా నేనిక్కడే ఉంటా అన్నారు. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ మాకే పాఠం చెప్పారు, చూడండర్రా అది చెవులు ఊరికే ఊపట్లేదు, ఎండ తగిలినప్పుడు ఎక్కువ ఊపుతోంది, నీడలోకి వెళ్ళాక తగ్గిస్తోంది అని. అక్షరాలా నిజం, ఏనుగుకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, చెవుల్లో పల్చటి చర్మం కింద రక్తనాళాలు బోలెడు ఉంటాయి, చెవులు ఊపితే ఆ రక్తం చల్లబడి ఒళ్ళంతా తిరుగుతుంది. తొండంతో దుమ్ము తీసుకుని వీపు మీద చల్లుకునేది కూడా ఎండ నుంచీ పురుగుల నుంచీ కాపాడుకోడానికే. ఇవేవీ బోర్డు మీద చదవకుండా ఆవిడ ఊరికే కూర్చుని చూసి పట్టేశారు.

పిల్లలు కూడా అంతే, నిలబడి చూసే టైమిస్తే వాళ్ళకి కనపడేవి మనకి కనపడవు. మీర్‌కాట్లు అని ముంగిస జాతి చిన్న జంతువులు ఉంటాయి, ఒకటి రాయెక్కి వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడి ఆకాశం కేసి చూస్తూ ఉంటుంది, మిగతావి కింద ఇసుక గబగబా తవ్వుకుంటూ ఉంటాయి. మావాళ్ళ పిల్లలు అక్కడే అతుక్కుపోయారు, పైనున్నది దిగీ దిగగానే ఇంకోటి ఎక్కడం చూసి డ్యూటీ మారింది డ్యూటీ మారింది అని సంబరం. అడవిలో గద్దలు వస్తాయేమోనని కాపలా కాసే అలవాటు అది. జిరాఫీ దగ్గరా అంతే, ఆ నల్లటి పొడుగాటి నాలిక, దాదాపు 45 సెంటీమీటర్లు ఉంటుంది, కొమ్మ చుట్టూ మెలేసి ఆకులు మాత్రం దూసుకుని కొమ్మని వదిలేయడం ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే ఎవరూ మర్చిపోరు. సెల్ఫీ తీసుకుని పరిగెత్తేవాళ్ళకి ఇదంతా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

జంతువు కనపడలేదని కోప్పడేవాళ్ళకి కూడా ఒక మాట. ఒకప్పుడు ఇనప ఊచల వెనక ఇరుకు బోనుల్లో పెట్టి చూపించేవాళ్ళు, అప్పుడైతే దాక్కోడానికి చోటే లేదు, ఎప్పుడెళ్ళినా కనపడేవి. 1907లో జర్మనీలో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే ఆయన ఊచలు తీసేసి మధ్యలో కందకాలు పెట్టి ఆరుబయట జంతువుల్ని చూపించే పార్కు తెరిచాడు, ఆ తర్వాత మెల్లమెల్లగా చాలా దేశాలు ఆ దారి పట్టాయి. పొదలూ గుంటలూ నీడా ఉన్న చోట జంతువు తనకి ఇష్టమైతేనే బయటికి వస్తుంది. కనపడకుండా ఉండే హక్కు దానికి ఉంది అంటే ఆ పార్కు బావున్నట్టే లెక్క. అమెరికాలో ఫ్లోరిడాలో 1998 ఏప్రిల్ 22న, అంటే ధరిత్రి దినోత్సవం రోజే మొదలైన డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో బెలూన్లు అమ్మరు, ప్లాస్టిక్ స్ట్రాలు ఇవ్వరు, ఎగిరి లోపల పడితే జంతువులు మింగేస్తాయని. ఆ ఒక్క పద్ధతి ప్రతి పార్కూ పెట్టుకోవచ్చు కదా, దీనికి ఖర్చు కూడా లేదు.

పార్కుల వాళ్ళని నేను అడిగేది పెద్ద కోరికలేం కాదు. ఏ జంతువు ఏ టైములో చురుగ్గా ఉంటుందో, మేత ఎప్పుడు పెడతారో గేటు దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి, మ్యాపులో మూల ఎక్కడో వేస్తే ఎవరూ చూడరు. ఎన్‌క్లోజర్ల ఎదురుగా నీడలో ఇంకాసిని బెంచీలు వేయండి. లౌడ్‌స్పీకర్లు జంతువుల వైపు తిప్పకండి. మేత పెట్టే కీపర్లు ఒక పది నిమిషాలు జనంతో మాట్లాడేలా చూడండి, రోజూ వాటితో ఉండేవాళ్ళు చెప్పే కబుర్లు ఏ బోర్డూ చెప్పలేదు.

మీ పేపర్‌కి కూడా ఒక విన్నపం ఎడిటర్ గారూ, సెలవుల పేజీలో పార్కుల గురించి వేసినప్పుడు కొత్త రైడ్ల ఫోటోలతో పాటు ఈ జంతువుల టైములు కూడా ఒక చిన్న బాక్సు కట్టి వేయండి, గుంపుని బయల్దేరదీసే వాళ్ళు కత్తిరించి పర్సులో పెట్టుకుంటారు.

ఇట్లు
మీ పాఠకురాలు