లంబసింగి చలిలో పూలు కూడా పండుతాయి

సంపాదకులకు,

డిసెంబరు రాగానే లంబసింగి మంచు ఫొటోలు అన్ని పత్రికల్లోనూ వస్తాయి, ఆ చలిలో పండే పూల గురించి మాత్రం ఎవరూ రాయరు. సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు కదా, విశాఖ ఉక్కపోతలో రెండు రోజులకే వాడిపోయే గ్లాడియోలస్ (పొడవాటి కంకికి వరసగా పూలు పూసే దుంప మొక్క), చామంతి అక్కడి చల్లదనానికి మంచి రంగు తేలతాయి, మొగ్గ నెమ్మదిగా విచ్చుతుంది. నేను అటువైపు కొద్దిపాటి పొలం చెక్కలో పశువుల ఎరువు, డ్రిప్పుతో ఇవే వేస్తున్నాను. గ్లాడియోలస్‌కు ఏటా దుంపలు కొననక్కర్లేదు, ఆకులు పండాక తవ్వి నీడలో ఆరబెట్టి దాచుకుంటే పక్కన పుట్టిన పిల్ల దుంపలు కూడా తర్వాత తర్వాత పంటకొస్తాయి.

అసలు టెన్షన్ పూలు కొండ దింపడంలోనే. కంకి అడుగున ఒకటి రెండు మొగ్గలు రంగు చూపగానే తెల్లవారుజామున కోసి వెంటనే నీళ్ల బకెట్లో నిలబెట్టాలి, పడుకోబెట్టి తెస్తే కొనలు పైకి వంగిపోతాయి, వంకర కాడను డెకరేషన్ వాళ్లు ముట్టుకోరు. ఘాట్ రోడ్డు మీద బకెట్లు నిలబెట్టి తేవడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది! మన పెళ్లి మండపాలకేమో బెంగళూరు నుంచి పూలు దిగుతున్నాయి.

పెద్ద సబ్సిడీలేం అడగట్లేదు. లంబసింగి దగ్గరి చింతపల్లి నుంచి పొద్దున్నే విశాఖ చేరే ఒక చిన్న బండి, పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న చల్లని గది ఏర్పాటు చేయమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పూల రైతు, విశాఖపట్నం